చెరుకు రైలు ఆఖరి ఊరు

మా మనుమరాలు డిచ్‌పల్లి యూనివర్సిటీలో చదువుతోంది. పోయిన ఆదివారం పెద్ద కాగితం చుట్ట ఒకటి చంకలో పెట్టుకొని వచ్చి నా గది నిండా పరిచింది. మూలలు లేవకుండా ఒక పక్క నా మందుల డబ్బా, ఇంకో పక్క పప్పు గిన్నె పెట్టింది. అది ఎప్పటిదో సర్వే మ్యాపు. చదువు పని కోసం జిరాక్సు తీయించిందట. నిజామాబాద్ నుంచి బోధన్ దాకా, అక్కడి నుంచి మంజీర ఒడ్డు దాకా ఉన్న పల్లెలన్నీ అందులో ఉన్నాయట.

నాకు మ్యాపు చూడటం రాదు. తనే చూపించింది. వేలిముద్రల్లాగా చుట్టలు చుట్టలుగా ఉన్నవి గుట్టలు. రెండు గీతలుగా సాగిపోయింది కాలువ. లావు గీత పెద్ద రైలు పట్టా. ఆ లావు గీతకు దూరంగా, పొలాల మధ్య నుంచి మెలికలు తిరుగుతూ ఇంకొక సన్న గీత పోయింది. రవిక అంచుకు చేతికుట్టు వేసినట్టు దాని మీద చిన్న చిన్న అడ్డగీతలు ఉన్నాయి.

"అమ్మమ్మా, గిదేం లైను? ఫోన్ల సూస్తే గీడ పట్టాలే లెవ్వు. అన్ని పొలాలే ఉన్నయి," అంది.

కళ్లజోడు పెట్టుకొని వంగాను. ఆ గీత మీద వేలు పెట్టి మెల్లగా జరుపుకుంటూ పోయాను. గీత ఆగిపోయిన చోట ఒక ఊరి పేరు ఉంది. మా చిన్నవ్వ ఊరు.

"గిది చెరుకు రైలు బిడ్డా. నా సిన్నప్పుడు దీన్నెక్కే నేను తప్పిపోయిన," అన్నాను.

అది పెన్ను కింద పెట్టి, కాళ్లు మడుచుకొని నా ముందు కూర్చుంది.

మాది బోధన్ వైపు ఊరు. నల్లరేగడి నేలలు, నిజాంసాగర్ కాలువ నీళ్లు. ఒక పక్క చెరుకు, ఇంకో పక్క పసుపు. దీపావళి పోయిందంటే బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మొదలయ్యేది. బోధన్ దిక్కు నుంచి గాలి వీచిందంటే ఊరంతా బెల్లం మాడినట్టు తియ్యటి వాసన. ఆ వాసనకు మాకు ఎప్పుడూ ఆకలే. మాఘమాసం వచ్చేసరికి దానికి పసుపు ఉడికే వాసన తోడయ్యేది. మట్టి వాసన, పొగ వాసన, పచ్చి పసుపు ఘాటు, అన్నీ కలిసి బట్టలకు పట్టేవి. మా అమ్మ కొంగులో ముఖం పెడితే ఆ నెలంతా అదే వాసన.

ఫ్యాక్టరీ నుంచి పల్లెలకు సన్న పట్టాలు వేసి ఉండేవి. పొద్దున ఒక చిన్న ఇంజను ఖాళీ డబ్బాలను లాక్కుంటూ వచ్చి ఊరూరికీ కొన్ని వదిలిపోయేది. మధ్యాహ్నం దాటినంక చెరుకు నింపిన డబ్బాలను ఒక్కొక్క ఊళ్లో తగిలించుకుంటూ ఫ్యాక్టరీకి మళ్లేది. డబ్బాలంటే పైకప్పు లేనివి. అడుగున ఇనుప రేకు, పక్కలకు నిలువు కడ్డీలు, అంతే. మనిషి పరుగెత్తితే అందుకోగలిగినంత నెమ్మదిగా పోయేది ఆ రైలు. మేము పట్టాల మీద చింతగింజలు వరుసగా పెట్టి, రైలు పోయాక ఆ పొడిని ఏరుకునేవాళ్లం.

దాన్ని నడిపే డ్రైవర్ సాబు తెల్ల గడ్డం మనిషి. తలకు ఎర్ర గళ్ల రుమాలు చుట్టుకునేవాడు. మా ఊరి దగ్గర ఇంజను నీళ్లకు ఆగినప్పుడల్లా మా నాయనమ్మ పట్టాల దగ్గరికి పోయి ఆయనతో ఏదో మాట్లాడి వచ్చేది. ఏం మాట్లాడేదో మాకు తెలియదు.

నాయనమ్మను ఊరంతా అవ్వ అనేవారు. మేమూ అవ్వ అనే పిలిచేవాళ్లం. పొడుగాటి మనిషి, గరుడపక్షి ముక్కు, ఇంటిని గొంతుతోనే నడిపేది. అవ్వకు ఒక చెల్లెలు ఉండేది. ఆమే చిన్నవ్వ. ఆ పేరు మా ఇంట్లో గట్టిగా అనడానికి లేదు. ఇద్దరికీ మాటలు లేక ఏడేండ్లు. అంతా ఒక బర్రె దగ్గర వచ్చింది.

ఆ కథ మాకు అమ్మ చెప్పింది. ఒక కరువు ఏడాది మా దగ్గర గడ్డి లేక అవ్వ ఒక దూడను చెల్లెలి ఇంటికి తోలింది, సాదుకొమ్మని. నుదుట తెల్ల చుక్క ఉన్న దూడ. అది పెరిగి పెద్దదై, ఈని, కుండ నిండా పాలిచ్చే బర్రె అయింది. అప్పుడు అవ్వ, "మా దూడను మాకు తోలు," అన్నది. చిన్నవ్వ, "సాదుకొమ్మని ఇచ్చినవు. సాదుకున్న. ఇచ్చిందాన్ని మల్ల అడుగుతరా?" అన్నది. పదిమంది ముందు మాటా మాటా పెరిగింది. అవ్వ లేచి నిలబడి, "ఇగ నీ ఇంట్ల మంచినీళ్లు ముట్టితే ఒట్టు," అని వచ్చేసింది. అంతే. పెండ్లిండ్లకు, పండుగలకు, ఎవరైనా పోయినా సరే, ఒకరున్న చోటికి ఇంకొకరు రాలేదు.

నాకు తొమ్మిదేండ్లప్పుడు జరిగింది నేను చెప్పబోయేది.

ఆ రోజు బాపు, మా చిన్నాన్న పసుపు బండి కట్టుకొని నిజామాబాద్ మార్కెట్‌కు పోయారు. రెండు రోజులకు గాని రారు. పసుపు ఉడకబెట్టే పనిలో ఉండి ఆడవాళ్లెవరూ మమ్మల్ని పట్టించుకోలేదు. మేమంటే నేనూ, చిన్నాన్న కూతురూ. అది నాకంటే ఏడాది చిన్నది. నోరు మాత్రం పదేండ్లు పెద్దది. ఖాళీ డబ్బాల అడుగున నిన్నటి చెరుకు ముక్కలు మిగిలిపోతాయని అదే కనిపెట్టింది.

"ఎక్కుదామే అక్కా. ఇంజను నీళ్లు తాగుతున్నది. మనం ఏరుకొని దిగుదాం," అంది.

ఎక్కాం. డబ్బా మూలన చెరుకాకు కుప్పగా ఉంది. దాని కింద నిజంగానే మంచి ముక్కలు దొరికాయి. అవి నములుతూ కూర్చున్నాం. డబ్బా ఒక్క కుదుపు కుదిపింది. లేచి చూసేసరికి మా ఊరి చింతచెట్లు వెనక్కి పోతున్నాయి.

నేను ఏడుపు మొదలుపెట్టాను. చెల్లె ఏడవలేదు. "ముంగటి ఊర్ల ఆగుతది గదా. గాడ దిగి నడుద్దాం. ఏడిస్తే డ్రైవర్ సాబు సూస్తడు," అని నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాతి ఊళ్లో వెనక డబ్బాలు విడదీయడానికి మనుషులు గుమిగూడారు. దిగితే కనబడతామని ఆకుల కింద దూరాం. ఎండ వెచ్చగా ఉంది, డబ్బా ఉయ్యాలలాగా ఊగుతోంది, కడుపు నిండా చెరుకు రసం. ఇద్దరమూ నిద్రపోయాం.

లేచేసరికి ఎవరో మా మీది ఆకును కట్టెతో కదిలిస్తున్నారు.

"ఓ సాబూ! నీ డబ్బల పందిపిల్లలున్నయి!" అని ఒక ఆడమనిషి అరిచింది. చెరుకు కొట్టే ఆడవాళ్లు చుట్టూ మూగారు. డ్రైవర్ సాబు పరుగెత్తుకొచ్చి, మమ్మల్ని చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "యా అల్లా! ఏ ఊరు బేటీ మీది? ఎప్పుడెక్కిండ్రు?"

అప్పుడు ఆ మొదటి ఆడమనిషి, కొడవలి చంకలో పెట్టుకొని, నా గడ్డం పట్టి ముఖం పైకెత్తింది. అటూ ఇటూ తిప్పి చూసింది. పొట్టి మనిషి, చెవులకు బరువైన గంటీలు.

"సాబూ, వీళ్ల ఊరు అడిగే పని లేదు," అంది. "గిది మా అక్క ముక్కు."

అలా మేము చిన్నవ్వ చేతిలో పడ్డాం. ఆ ఊరితో పట్టాలు అయిపోతాయి.

డ్రైవర్ సాబు మంచి మాటే చెప్పాడు. "నేను మధ్యాహ్నం వాపస్ పోతగదా అమ్మా. ఇంజను మీద కూసోబెట్టుకొని ఇంటికాడ దించుత. పాపం, తల్లులు పరేషాన్ అయితుంటరు."

చిన్నవ్వ చంకలోని కొడవలి తీసి కింద పెట్టింది. నడుము మీద చెయ్యి పెట్టుకొని, "పంపనే పంప," అంది.

"అరె!"

"పిల్లలు సల్లగున్నరు, నా ఇంట్ల ఉన్నరు అని చెప్పు. వాళ్ల తల్లులకు చెప్పు, బుగులు పడొద్దని. ఇగ మా అక్కకు చెప్పు. పిల్లలు గావాల్నంటే ఆమెనే రావాలె. కొడుకుల్ని పంపితే ఇయ్య. కోడండ్లను పంపినా ఇయ్య. ఆమె నా వాకిట్లకు వస్తేనే ఇస్త."

డ్రైవర్ సాబు గడ్డం గోక్కుంటూ ఆమె వంక చూశాడు. తర్వాత మెల్లగా నవ్వి, "అచ్ఛా. చెప్త," అన్నాడు.

మా ఊళ్లో అప్పటికి ఏం జరిగిందో తర్వాత అమ్మ చెప్పింది. పొద్దెక్కాక మేము లేమని తెలిసి పసుపు కాగులు పొయ్యిల మీదనే వదిలేశారట. ఆడవాళ్లు కాలువ గట్టు పట్టుకొని ఒక కోసు దూరం నడిచారట. మా బావిలోకి ఇద్దరు దిగి అడుగంతా వెతికారట. అమ్మ ఆ బావి గట్టు మీద కూర్చొని, వాళ్లు పైకి వచ్చిన ప్రతిసారీ కళ్లు మూసుకుందట. చెరుకు రైలు వచ్చి డ్రైవర్ సాబు ఖబరు చెప్పేసరికి అమ్మ ఆ పట్టాల మీదనే కూలబడి ఏడ్చి, వెంటనే మమ్మల్ని తిట్టడం మొదలుపెట్టిందట. అవ్వ మాత్రం చిన్నవ్వ పెట్టిన షరతు విని, నేరుగా ఇంట్లోకి పోయిందట.

"అత్తమ్మా, తెల్లారి మీరు పోతరా, నన్ను పొమ్మంటరా?" అని అమ్మ అడిగిందట.

"నువ్వు పోతే ఇస్తదా అది? మొండిది. పుట్టినకాడికెల్లి మొండిదే," అన్నదట అవ్వ, పెట్టెలోంచి మంచి చీర తీస్తూ.

ఇటు చిన్నవ్వ ఇంట్లో మాకు రాజభోగం నడుస్తోంది. చిన్నవ్వ కొడుకులిద్దరూ చెరుకు కొట్టే పనిలో వేరే ఊళ్లో ఉన్నారు. ఇంట్లో ఆమె, కొంచెం చెవుడున్న చిన్నతాత, అంతే. పొయ్యి ముందు కూర్చోబెట్టి వేడి వేడి జొన్నరొట్టె మీద వెన్న వేసి ఇచ్చింది. చింతకాయ తొక్కు, ఉల్లిగడ్డ, గిన్నెడు గట్టి పెరుగు. చెల్లె నాలుగు రొట్టెలు తిన్నది. చిన్నవ్వ మా ఇద్దరి తలలు దువ్వి, పేలు చూసి, "మీ అవ్వ కండ్లు మంచిగ కనవడుతున్నయా? మోకాలు నొప్పి తగ్గిందా?" అని అడుగుతూనే ఉంది. మోకాలు నొప్పి సంగతి ఈమెకెట్లా తెలుసని నాకు అనుమానం వచ్చింది కాని, నోట్లో వెన్న ఉంది.

కొట్టంలో చుక్క బర్రె ఉంది. ముసలిది. దాని పక్కన దాని బిడ్డ, దానికీ నుదుట చుక్కే. ఏడేండ్ల కొట్లాటను మేము గడ్డి పెట్టి మరీ చూశాం.

తెల్లారి రైలు వచ్చే వేళకు ఊరంతా పట్టాల దగ్గరే ఉంది. మొదటి డబ్బాలో, గోనెసంచి మడిచి వేసుకొని, మంచి చీర కట్టుకొని మా అవ్వ కూర్చొని ఉంది. ఇంజను మసి పడి చీర అంతా నల్ల చుక్కలు. చేతిలో ఇత్తడి చెంబు. తను తాగే నీళ్లు తనే తెచ్చుకుంది.

దిగగానే మా ఇద్దరినీ చెరొక చేత్తో దగ్గరికి లాక్కుంది. తర్వాత చెరొక దెబ్బ వేసింది. తర్వాత మళ్లీ దగ్గరికి లాక్కుంది. ఆ హడావిడిలో చెంబు జారి పట్టాల మధ్య పడింది. నీళ్లన్నీ కంకర తాగింది.

రైలు మళ్లీ బయలుదేరేది మధ్యాహ్నం దాటాకే. అవ్వ వాకిలి దాకా వచ్చింది కాని గడప దాటలేదు. బయట రాతి మీద కూర్చుంది. చిన్నవ్వ గడపకు లోపల కూర్చుంది. ఇద్దరి మధ్య మూడు బారల దూరం ఉంటే ఎక్కువ. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా మాతో మాట్లాడటం మొదలుపెట్టారు.

"పిల్లల్ని పట్టుకొని బెదిరిచ్చుడు మంచి పనేనా అని మీ సిన్నవ్వను అడుగు," అంది అవ్వ చెల్లెతో.

చెల్లె లోపలికి తిరిగి, "సిన్నవ్వా, పిల్లలకు మంచిగ తినవెట్టినవా అని అడుగుతున్నది," అంది.

చిన్నవ్వ మూతి బిగించింది. "తినవెట్టిన. వాళ్ల ఇంట్ల ఎన్నడు తినవెట్టరు గావచ్చు, గట్ల తిన్నరు అని చెప్పు."

చెల్లె ఇటు తిరిగింది. "అవ్వా, నీ చీర మంచిగున్నదట."

"ఎవరన్నరే గా మాట? నాకు చెవుల్లేవా?" అని అవ్వ కసిరింది.

"ఉంటే నన్నెందుకు అడుగుమంటున్నరు ఇద్దరు?" అంది చెల్లె.

లోపల చిన్నతాతకు ఏం వినబడిందో ఏమో, పకపకా నవ్వాడు. ఆయన నవ్వితే నేనూ నవ్వాను. చిన్నవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవ్వ ముఖం అటు తిప్పుకుంది కాని ఆమె భుజాలు కదలడం నాకు కనబడింది.

అప్పుడే డ్రైవర్ సాబు పని ముగించుకొని వాకిట్లోకి వచ్చాడు, నీళ్లడగడానికి. ఇద్దరినీ అలా చూసి ఊరుకోలేకపోయాడు.

"ఇగ చాలు అమ్మా," అన్నాడు. "ఏడేండ్ల సంది మీ ఇద్దరి ఖబర్లు మోసి నా నెత్తి పండింది. గాడ ఈ పెద్దమ్మ అడుగుతది, మా సెల్లె ఎట్లున్నది సాబూ, జరం తగ్గిందా అని. ఈడ ఈ సిన్నమ్మ అడుగుతది, మా అక్క మోకాలు ఎట్లున్నది సాబూ అని. ఇద్దరూ, నేను అడిగిన్నని చెప్పకు అంటరు. నా రైల్ల చెరుకు కంటే మీ మాటలే బరువున్నయి!"

అవ్వ నేల మీద పుల్లతో గీతలు గీసింది. చిన్నవ్వ లేచి లోపలికి పోయింది. ఏడుస్తోందేమో అనుకున్నాను. కాదు. పెద్ద లోటా నిండా ఏదో తెచ్చి అవ్వ ముందు పెట్టింది. మొదటిసారి నేరుగా అవ్వతోనే మాట్లాడింది.

"ఎండల కూసున్నవు. తాగు."

"నీ ఇంట్ల నీళ్లు ముట్టనని ఒట్టు వెట్టుకున్న."

"నీళ్లు ముట్టనన్నవు. సల్ల ముట్టనన్నవా?"

అవ్వ లోటాలోకి తొంగి చూసింది. "సల్లల నీళ్లు ఉండయా?"

"సుక్క పొయ్యలే. పెరుగు చిలికి గట్లనే తెచ్చిన. నీ మనుమరాండ్లే చిలికిండ్రు పొద్దుగాల. అడుగు."

అవ్వ మా వంక చూసింది. మేమిద్దరం ఒకేసారి తలూపాం. నిజానికి మేము చిలుకుతూ కవ్వం తాడు తెంపాం, మిగతాది చిన్నవ్వే చిలికింది. ఆ మాట చెప్పాల్సిన అవసరం కనబడలేదు.

అవ్వ లోటా ఎత్తింది. దించకుండా సగం తాగింది. కొంగుతో మూతి తుడుచుకొని, "గా బర్రె పాలేనా?" అంది.

"దాని బిడ్డవి."

"గదే అనుకున్న. మా బర్రె పాలు గింత పలుసగ ఉండవు."

"మీ బర్రె ఏంది మీ బర్రె? గిన్నేండ్లు గడ్డేసింది నేను!"

"దూడను ఇచ్చింది ఎవరు?"

ఇద్దరూ కొట్టంలోకి నడిచారు, కొట్లాడుకుంటూనే. అవ్వ గడప ఎప్పుడు దాటిందో ఆమెకే తెలియదు. డ్రైవర్ సాబు మిగిలిన సగం లోటా ఎత్తి తాగి, గడ్డం తుడుచుకొని, మాకు కన్ను గీటి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం అందరం కలిసి తిన్నాం. సాయంత్రం చెరుకు డబ్బాల ముందు, ఇంజను మీద డ్రైవర్ సాబు పక్కన కూర్చొని ఇంటికి వచ్చాం. అవ్వ ఒడిలో వెన్న గిన్నె ఉంది. ఇంటి దగ్గర అమ్మ చేతిలో మా వీపులకు ఏం దక్కిందో చెప్పను.

ఆ తర్వాత ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో ఆ రైలు మా రెండిండ్లకు మధ్య టపా బండి అయింది. పొద్దున ఇటు నుంచి పచ్చి పసుపు కొమ్ములు, వంకాయలు, అవ్వ తిట్లు పోయేవి. సాయంత్రం అటు నుంచి పెరుగు కుండ, తొక్కు, చిన్నవ్వ తిట్లు వచ్చేవి. డ్రైవర్ సాబు ఇద్దరి తిట్లూ ఒక్క మాట పొల్లు పోకుండా ఒప్పజెప్పేవాడు. వర్షాకాలం పని లేని రోజుల్లో చిన్నవ్వ వచ్చి నెల రోజులు మా ఇంట్లో ఉండేది. అప్పుడు ఇల్లు ఇల్లులాగా ఉండేది కాదు. పప్పులో చింతపండు ఎంత వెయ్యాలి, మంచం ఏ దిక్కుకు వెయ్యాలి, వాళ్ల అమ్మ పోయినప్పుడు వాన పడ్డదా లేదా, ప్రతిదానికీ కొట్లాటే. చెల్లె, నేను మధ్యలో కూర్చొని అటొకసారి ఇటొకసారి తల తిప్పేవాళ్లం.

తర్వాత లారీలు వచ్చాయి, ట్రాక్టర్లు వచ్చాయి. డ్రైవర్ సాబు పని మానుకొని నిజామాబాద్‌లో కొడుకు దగ్గరికి పోయాడు. పట్టాలు పీకేశారు. పట్టాల కట్టను దున్ని పొలంలో కలిపేసుకున్నారు. మ్యాపులో గీత గీసిన మనిషికి అది ఎప్పటికీ ఉండేదనిపించి ఉంటుంది.

చిన్నవ్వ పోయినప్పటికి నాకు పెండ్లయి ఒక బిడ్డ. ఖబరు వినగానే ట్రాక్టరు మీద పోయాం, అవ్వను ముందు కూర్చోబెట్టుకొని. మా దిక్కు ఆడవాళ్లు చనిపోయినవాళ్ల గుణాలు పాడుతూ శోకం తీస్తారు. ఎంత మంచిదానివే, ఎంత చల్లటి చెయ్యే నీది, అని. అవ్వ చెల్లెలి పక్కన కూర్చొని గొంతెత్తింది. అందరూ మంచి మాట కోసం ఎదురుచూశారు.

"పొద్దు పొడిచినా లెవ్వకపోతివే సెల్లే. కూరల ఉప్పు ఎన్నడు సరిగ వెయ్యకపోతివే. అక్క మాట ఒక్కనాడు ఇనకపోతివే. నేను ముంగట పుట్టిన, నేను ముంగట పోవాలె ఆగు అంటే, గిప్పుడన్నా ఆగకపోతివే..."

ఏడవడానికి వచ్చిన ఆడవాళ్లు ఉప్పు మాట దగ్గర కొంగుల చాటున నవ్వారు. చివరి మాట దగ్గర ఆ నవ్వులే ఏడుపులైపోయాయి. చెల్లె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కాసేపటికి అవ్వ ముఖం తుడుచుకొని, చుట్టూ చూసి, చిన్నవ్వ కోడలిని పిలిచింది. "దూరం నుంచి వచ్చిండ్రు అందరు. చాయ్ పోసిండ్రా లేదా? నువ్వు జరుగు, నేను వెట్టుత," అని లేచింది. పదకొండు రోజులూ అక్కడే ఉంది. ఎవరు పొమ్మన్నా పోలేదు. ఆ పదకొండు రోజులూ ఆ ఇంట్లో పొయ్యి దగ్గరి పీట మా అవ్వదే.